బొగ్గుట్టలో మనుషుల లెక్క

సింగరేణి అనంగానే అందరికీ కొత్తగూడెం, గోదావరిఖని యాదికొస్తయి. కథ మొదలైంది మాత్రం మా ఇల్లందులో. చుట్టుపక్కల పల్లెలోళ్లు మా ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అనే పిలుస్తరు. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1871లో ఈ దిక్కు బొగ్గున్నదని తేల్చిండు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లండు కంపెనీ నిజాం సర్కారు దగ్గర హక్కులు తీసుకున్నది. 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గు మోసుకుపోవడానికే డోర్నకల్ దిక్కు నుంచి రైలుపట్టాలు పడ్డయి. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడ్డది. 1945లో మెజారిటీ వాటాలు నిజాం సర్కారు చేతికొచ్చినయి.

నేను బదిలీ ఫిల్లరుగా బొగ్గు బాయిల దిగిన. మాది తట్టా చెమ్మస్ పని. మందు పెట్టి పేల్చి, పొగ పోయినంక మైనింగ్ సర్దార్ ముందు పోయి కర్రతోటి పైకప్పు తట్టి చూసేటోడు. గట్టి చప్పుడొస్తే సరే. బోలు చప్పుడొస్తే పైకప్పుకు ఆసరాగా దాట్లు పెట్టినంకనే మేం లోపలికి పోవాలె. బొగ్గును చెమ్మస్ అనే పారతో తట్టలకెత్తి, టబ్బు నింపాలె. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. టబ్బులు తోసేటోళ్లు, హాలేజీ నడిపేటోళ్లు, దాట్లు పెట్టేటోళ్లు, దీపాల గదిల ఉండేటోళ్లు, అందరూ కలిస్తేనే బాయి. ఒక్కో బాయి చుట్టూ ఒక్కో బస్తీ లేచింది. 21 ఏరియా, 24 ఏరియా అంటూ ఇప్పటికీ ఆ బాయిల అంకెలతోనే అడ్రసు చెప్తం.

బొగ్గు అయిపోతే ఊరు ఆగమైతదని మా పెద్దలు భయపడేటోళ్లు. అయితే బొగ్గు ఉండంగనే మనుషుల అక్కర తీరిపోయింది. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుల షావెల్ మిషను ఒక్కసారి ఎత్తి డంపర్‌ల పోసే బొగ్గుకు మేం ఎన్నో టబ్బులు నింపాలె. 1990ల మొదట్ల కంపెనీ మొత్తంల కార్మికులు లక్ష దాటి ఉన్నరు, ఏడాదికి తీసిన బొగ్గు 2 కోట్ల టన్నుల దరిదాపుల. 2023-24ల బొగ్గు 7 కోట్ల టన్నులైంది, కార్మికులు 40 వేల చిల్లరకు దిగిండ్రు. మా ఊరి పిల్లలు హైదరాబాద్ బస్సెక్కింది అందుకే.

తట్టా చెమ్మస్ మళ్లా రావాలని నేననను, నా నడుము ఒప్పుకోదు. కాని రికార్డు ఉత్పత్తి అని టన్నులు చెప్పినప్పుడు, పక్కన ఎంతమందికి పని దొరికిందో కూడ చెప్పాలె. ఆ రెండో లెక్క మీదనే మా ఊరు బతికింది.