ఈశ్వరవాదమునకు ప్రతివాదము

దేవుడు కలడా యని ప్రశ్నించుట పాశ్చాత్యవిద్యవలన మనకు సంక్రమించిన దోషమని కొందరు పెద్దలు తలంచుచున్నారు. చరిత్ర యట్లు చెప్పుట లేదు.

కుండకు కుమ్మరివలె జగత్తునకును కర్త యుండవలెనని నైయాయికులు వాదించిరి. 7వ శతాబ్దినాటి బౌద్ధుడు ధర్మకీర్తి ప్రమాణవార్తికమున దీనిని ఖండించెను: చీమలపుట్టయు మట్టిదే, అంతమాత్రమున దానిని కుమ్మరి చేసెనందుమా? వేదమే పరమప్రమాణమని నమ్మిన మీమాంసకుడు కుమారిలభట్టు సైతము శ్లోకవార్తికమున సృష్టికర్త నంగీకరింపలేదు. శరీరము లేనివాడు సృజింపజాలడు. శరీరమున్నచో దానిని సృజించిన దెవరు? దయచే సృజించెనందుమా, సృష్టికి పూర్వము దయకు పాత్రమగు ప్రాణియే లేదు గదా!

పిమ్మట మిథిలలో ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిని రచించి, ఐదు ఆక్షేపణల నైదు స్తబకములలో విచారించెను. కర్తృత్వమునకు జ్ఞానము, ఇచ్ఛ, ప్రయత్నము చాలుననియు, జడములగు పరమాణువులు చేతనుని ప్రేరణ లేక కూడవనియు నైయాయికుల సమాధానము.

ఇందెవరు గెలిచిరో మేము నిర్ణయింపబూనము. ఒక్కటి మాత్రము స్పష్టము. జగత్కర్తను కాదన్న కుమారిలుని వైదికులు వెలివేయలేదు. వేదబాహ్యుడైన ధర్మకీర్తికిని నైయాయికులు హేతువులతోనే బదులు చెప్పిరి. పూర్వపక్షమును చక్కగా వినిపింపనిదే సిద్ధాంతము నిలువదని వారెరుగుదురు. అట్టివారి వారసులమని చెప్పుకొనుచు, ఇంటిలో బిడ్డ యడిగిన ప్రశ్నకు కోపమునే యుత్తరముగా నిచ్చుట మనకు తగునా? అట్లు నోరుమూయించిన భక్తి భయమే గాని విశ్వాసము కాదు.