సుంగై సుమున్ నాగు, దాని సముద్రపు దాయాది

మలేసియాలోని పేరాక్ రాష్ట్రపు నైరుతి కొసన, బాగాన్ దాతూ ప్రాంతంలో సుంగై సుమున్ ఉంది. మలయ్ భాషలో ‘సుంగై’ అంటే ఏరు. ఈ ప్రాంతపు కొబ్బరితోటలలో పనికి ఉత్తర కోస్తా నుండీ గోదావరి సీమ నుండీ తెలుగువారు వెళ్లారు. మలయాలో ఒప్పంద కూలీ పద్ధతి 1910లో రద్దయినా, కంగాణీల ద్వారా వలస 1938 వరకు సాగింది. వలస వెళ్లినవారికి నాగుపాము, కట్లపాము, రక్తపింజర తెలిసినవే. కొత్త నేలమీది పాములు ఆ ఎరుకకు ఎంతవరకు లొంగాయన్నది ఆలోచించదగిన విషయం.

రక్తపింజర మలయా ద్వీపకల్పంలో లేదు. నాగు ఉంది, కాని అది మన నాగు కాదు. శాస్త్రజ్ఞులు నాజా సుమత్రానా అని పిలిచే ఆ పాము పడగమీద కళ్లజోడు గుర్తు ఉండదు. అది కరవడమే కాక, ఎదుటివారి కళ్లలోకి విషాన్ని చిమ్ముతుంది. వెంటనే నీటితో ధారాళంగా కడగకపోతే కంటిపొర దెబ్బతినవచ్చు. దానిని కూడా నాగు అనుకున్నవారిని తప్పుపట్టలేము. 1980ల వరకు శాస్త్రగ్రంథాలు సైతం ఆసియా నాగులను ఎక్కువగా నాజా నాజా అనే ఒకే జాతి కింద లెక్కించాయి.

నాగులు, కట్లపాములు, రాచనాగు, సముద్రపు పాములు — ఇవన్నీ ఎలాపిడే కుటుంబంలోనివే. వీటి కోరలు పొట్టివి, దవడ ముందుభాగంలో కదలకుండా నిలిచి ఉంటాయి. వీటి విషంలోని కొన్ని ప్రోటీన్లు నాడి నుండి కండరానికి అందవలసిన సంకేతాన్ని అడ్డుకుంటాయి. మొదట కనురెప్పలు వాలుతాయి. చివరకు శ్వాస ఆగుతుంది.

సుంగై సుమున్ తోటలకు పడమరగా మలక్కా జలసంధి ఉంది. అక్కడి సముద్రపు పాముల విషమూ నాగువిషం వంటిదేనని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకాన్ని సవరించినవాడు, ఉత్తరాన పెనాంగ్ ఆసుపత్రిలో పనిచేసిన వైద్యుడు అలిస్టర్ రీడ్. పాముకాటు తిన్న జాలరులను ఆయన మంచం పక్కనే నిలిచి పరిశీలించాడు. వారికి ఒళ్లంతా కండరాల నొప్పి, బిగువు; కొన్ని గంటలకు మూత్రం ముదురు గోధుమరంగుకు మారేది. చితికిన కండరాల నుండి వెలువడిన మయోగ్లోబిన్ ఆ రంగుకు కారణమని 1961లో ప్రకటించాడు. దానివల్ల మూత్రపిండాలు విఫలం కావచ్చు. కాటుపడినవారిలో ఎక్కువమందికి ప్రమాదకరమైనంత విషం ఎక్కదని కూడా ఆయన గమనించాడు. మంత్రాలకూ పసరులకూ దక్కిన కీర్తి వెనుక ఉన్న లెక్క ఇదే: విషం ఎక్కనివాడు ఏ వైద్యం చేసినా బతుకుతాడు.

కుటుంబం ఒకటైనంత మాత్రాన విరుగుడు ఒకటి కాదు. భారతదేశపు విషనిరోధక సీరం మన నాగు, కట్లపాము, రక్తపింజర, మరొక చిన్న పింజర విషాలతో తయారవుతుంది. మలేసియా పాములకు దానిమీద ఆధారపడలేము. అక్కడి నాగుకాటుకు బ్యాంకాక్‌లోని క్వీన్ సౌవభా సంస్థ సీరం వాడతారు. అది మరొక జాతి నాగు విషంతో చేసినదే అయినా దీనికీ పనిచేస్తుందని పరీక్షలలో తేలింది. అంటే బంధుత్వం ఒకచోట అక్కరకు వస్తుంది, మరొకచోట రాదు. ముందుగా పరీక్షించి తెలుసుకోవలసిందే.

పెనాంగ్ జాలరులను కరిచిన ముక్కుపాము మన కోస్తా వలలలోనూ పడుతుంది. ఆ విషానికి ఆస్ట్రేలియాలో సీరం తయారైంది. మన నాలుగు పాముల సీరంలో మాత్రం దానికి చోటు లేదు. వలస వెళ్లినవారికి కొత్త నేల నేర్పిన పాఠం, ఊళ్లోనే ఉండి వేటకు పోయే జాలరికీ వర్తిస్తుంది.