పారిస్‌లో నిల్వ మాంసం కొనేటప్పుడు: మన ప్రయాణికులకు సూచనలు

యానాంలో చాలా కుటుంబాలకు ఫ్రాన్స్‌లో బంధువులున్నారు. 1954లో పాలన చేతులు మారింది. 1962లో చట్టబద్ధమైన విలీనం జరిగాక కొందరు ఫ్రెంచి పౌరసత్వం కోరుకుని అక్కడే స్థిరపడ్డారు. వారిని చూడటానికి వెళ్ళే పెద్దలు సంఘం కార్యాలయంలో తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కడి ఉప్పు మాంసం బాగుంటుందంటారు కదా, మంచి దుకాణం ఎలా తెలుసుకోవాలి?" నేను రెండుసార్లు వెళ్ళి తెలుసుకున్న సంగతులు వారికోసం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మాంసాన్ని ఉప్పు పట్టించి ఎండబెట్టడం మనకు కొత్త కాదు. మన పల్లెల్లో ఒట్టితునకలు, తమిళనాట ఉప్పుకండం అలాంటివే. అక్కడ ఎండకు బదులు చల్లని గాలిలో నెలల తరబడి ఆరబెడతారు. చాలా రకాలను వండకుండానే పలచగా కోసి తింటారు.

బోర్డు చదవడం: "బూష్రీ" అంటే పచ్చి మాంసం అమ్మే కొట్టు. "షార్కుత్రీ" అంటే హామ్, సాసేజీల వంటి నిల్వ మాంసం కొట్టు. ఆ పేరుకు మూలార్థం వండిన మాంసం. ఇక్కడ ఎక్కువ సరుకు పందిదే. రెండూ కలిసిన కొట్లూ ఉంటాయి. గుర్రం తల బొమ్మ ఉంటే అది గుర్రపు మాంసం కొట్టు.

ఏ జంతువుది: అన్నిటికంటే ముందు అడగవలసింది ఇదే. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను రంగు చూసి పంది హామ్ అనుకుని ఎర్రటి పలచని ముక్కలు కొన్నాను. భోజనాల దగ్గర కోడలు చీటీ చదివింది. అది గొడ్డు మాంసం. మా ఆవిడ ఆ పూట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తప్పు కొట్టువాడిది కాదు, అడగని నాది. అందుకే ఈ మాటలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి: పోర్ అంటే పంది, బఫ్ అంటే గొడ్డు మాంసం, కనార్ బాతు, దాంద్ టర్కీ కోడి, ష్వాల్ గుర్రం, ఆన్ గాడిద. బ్రెజావోలా, వియాఁద్ దె గ్రిజోఁ అనే రెండూ గొడ్డు మాంసమే. చూపుకు హామ్ లాగానే ఉంటాయి. బాతు సాసేజీ అన్నా అందులో పంది మాంసమో కొవ్వో కలవవచ్చు. పంది తినని ముస్లిం సోదరులు హలాల్ బోర్డు ఉన్న కొట్టుకే వెళ్ళడం మేలు.

మంచి కొట్టు గుర్తులు: కిలో ధర, సరుకు పేరు స్పష్టంగా రాసి ఉంటాయి. అడిగితే ఎక్కడ తయారైందో, ఎన్ని నెలలు ఆరిందో చెబుతారు. కొన్ని సరుకులు తామే చేస్తారు. ముందే కోసి పెట్టిన ముక్కలు కాక మన ఎదుటే కోసి ఇస్తారు. "మెయ్యర్ ఉవ్రియే ద ఫ్రాన్స్" అనే బిరుదు పొందినవారి చొక్కా కాలరుకు మూడు రంగుల అంచు ఉంటుంది. ఈ పోటీ 1924 నుంచి ఉంది. వ్యవసాయ ప్రదర్శన పతకం కనిపిస్తే ఏ సరుకుకు, ఏ సంవత్సరంలో వచ్చిందో చూడండి. అది కొట్టంతటికీ వచ్చింది కాదు.

సరుకు గుర్తులు: ఎండు హామ్‌లలో బయోన్ హామ్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. కనీసం 7 నెలలు ఆరాలి. కోర్సికా ఎండు హామ్‌కూ అలాంటి రక్షణ ఉంది. "జాంబోఁ బ్లాఁ" మాత్రం ఉడికించిన హామ్. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి. ఎండు సాసేజీ మీద తెల్లని పొడి లాంటి బూజు సహజమే. జిగటగా ఉన్నా, పుల్లని వాసన వచ్చినా వదిలేయండి.

ఎక్కడ వెతకాలి: 12వ వార్డులోని అలీగ్ర్ మార్కెట్ సోమవారం తప్ప రోజూ ఉంటుంది. బాస్తీయ్ మార్కెట్ గురు, ఆదివారాల్లో పొద్దున. మూఫ్‌తార్ వీధి, మోఁతోర్గెయ్ వీధి తిండి కొట్లకు పేరున్నవి. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా కొట్లు మూసి ఉంటాయి. పెద్ద చూడచక్కని స్థలాల పక్కన పర్యాటకుల కోసం పెట్టిన బల్లల కంటే, ఆ వీధివాళ్ళు వరుసలో నిలబడే కొట్టును నమ్మండి. లోపలికి వెళ్ళగానే "బోంజూర్" అనడం మరవకండి. అనకుండా బేరం మొదలుపెడితే మర్యాద కాదనుకుంటారు. మొదట 100 గ్రాములే అడగండి.

ఆరోగ్యం: 100 గ్రాముల ఎండు హామ్‌లో సుమారు 5 గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక రోజుకు చెప్పిన పరిమితి అంతే. రక్తపోటు ఉన్న మన వయసువారు రెండు మూడు పలచని ముక్కలతో ఆగాలి. 2015లో ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రుచి చూడండి, రోజువారీ తిండిగా చేసుకోకండి. గర్భిణులు ఎండు హామ్, ఎండు సాసేజీ వండకుండా తినకూడదు.

సామాను: ఇది ముఖ్యం. భారత్ నుంచి వెళ్ళేటప్పుడు మటన్ పచ్చడి, కోడి పచ్చడి, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు మాంసం, పాలు తేవడం నిషేధం. ఎండు చేప, రొయ్యలు మొత్తం 20 కిలోల వరకు అనుమతిస్తారు. కనుక మన గోదావరి రొయ్యల పచ్చడి నిశ్చింతగా తీసుకెళ్ళవచ్చు. తిరుగు ప్రయాణంలో మన కస్టమ్స్ పత్రంలో మాంసం ఉంటే చెప్పాలి. దిగుమతి అనుమతి పత్రం లేకుండా తేవద్దు. అక్కడ కొన్నది అక్కడే, బంధువులతో కలిసి కూర్చుని తినేసి రండి.