చీకటి వేళ తల్లిచేప

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత గోదావరి జిల్లాల ఆడవాళ్లకి నేను చెప్పాలా? గుడ్లు పెట్టడానికి సముద్రం విడిచి, వరద గోదారిలో ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. తెలిసే తింటాం. అమెరికా తూర్పు తీరంలోనూ ఇలా రాకపోకలు సాగించే చేప ఒకటుంది. పేరు చారల బాస్. వెండి ఒంటిమీద మొప్పల దగ్గర్నుంచి తోకదాకా ఏడెనిమిది నల్లచారలు, చీర అంచులు పరిచినట్టు. కాపురం సముద్రంలో. పురిటికి మాత్రం వసంతంలో నదిలోని పుట్టింటికి వస్తుంది.

పెద్ద బాస్‌ను పట్టడం రాత్రి పని. పగలు లోతుల్లో మసలే చేప, పొద్దుగూకాక చిన్నచేపల్ని తరుముకుంటూ ఒడ్డుకి వస్తుంది. అందుకే గాలం వేసేవాళ్లు భోజనాలు కానిచ్చి మరీ బయల్దేరతారు. నడుంలోతు నీళ్లలోనో, పాకుడుపట్టిన రాళ్లమీదో నిలబడి, బతికున్న మలుగుచేపని ఎరగా గుచ్చి చీకట్లోకి విసురుతారు. టార్చిలైటు ఉన్నా వెలుగు నీళ్లమీద పడనివ్వరు, చేప బెదురుతుందని. కంటికేమీ ఆనదు. వేలికి తగిలే దారమే ఆధారం. ఇంటిదగ్గర నిద్రపట్టక దొర్లే ఇల్లాలి సంగతి వాళ్లనడక్కండి.

ఇందులో మనబోటివాళ్లకి పట్టే విషయం ఒకటుంది. ఈ జాతిలో బాగా పెద్ద చేపలు దాదాపు అన్నీ ఆడవే. ఆరేళ్ల ఆడచేప అయిదు లక్షల గుడ్లు పెడితే, పదిహేనేళ్లది ముప్ఫయి లక్షలకి పైగా పెడుతుంది. అంటే, చీకట్లో ఒడ్డుకు లాగి ఫోటో తీయించుకునే ఘనమైన చేప ఎవరనుకున్నారు? పిల్లల తల్లి!

ఒకప్పుడు వీటికి కొదవే లేదు. 1614లో ఆ తీరం చూసిన కెప్టెన్ జాన్ స్మిత్, ఆటు మొదలైన వేళ ఇవి గుంపుగా కదిలిపోతుంటే, కాలు తడవకుండా వాటి వీపులమీద నడిచిపోవచ్చు అనిపించిందని రాసుకున్నాడు. వలసవచ్చిన తెల్లవాళ్లు తినగా మిగిలినవాటిని మొక్కజొన్న చేలల్లో ఎరువుగా పాతిపెట్టేవారు. ఈ దుబారా చూడలేక 1639లో మాసచుసెట్స్ వలస పాలకులు బాస్‌నీ, కాడ్ చేపనీ ఎరువుకి వాడకూడదని శాసించారు. 1670లో పక్కనున్న ప్లిమత్ వలసవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. కేప్ కాడ్ దగ్గర పట్టే బాస్, మేకెరెల్, హెర్రింగ్ చేపలమీద వచ్చే రాబడిని పిల్లల ఉచిత బడికి కేటాయించారు. చేపలమ్మిన డబ్బుతో పలకా బలపం!

అంత వివేకం ఉన్న గడ్డమీదే మూడొందల ఏళ్లకి చేప కరువైంది. 1973లో వలవాళ్లు పట్టింది దాదాపు కోటిన్నర పౌండ్లు. పదేళ్లు తిరిగేసరికి, 1983లో, 35 లక్షలు. ఈ చేపకి పెద్ద పురిటిల్లు చెసాపీక్ అఖాతం. అక్కడ ఏటికేడాదీ పిల్లలు తగ్గిపోయాయి. పట్టుబడి పెరిగింది, నీళ్లు పాడయ్యాయి. తల్లులే తక్కువైతే పిల్లలెక్కడివి?

ఆ కరువులోనే ఒక రికార్డు కూడా పుట్టింది. 1913లో మాసచుసెట్స్ తీరంలో పడిన 73 పౌండ్ల చేప మాట అప్పటికి డెబ్భై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. 1982 సెప్టెంబరు 21 రాత్రి, తుఫాను గాలిలో, అట్లాంటిక్ సిటీ రాతికట్టమీద నిలబడి అల్ మెక్‌రేనాల్డ్స్ 78 పౌండ్ల 8 ఔన్సుల బాస్‌ని పట్టాడు. మన లెక్కలో ముప్ఫయి అయిదున్నర కిలోల పైమాటే. అంత బరువున్నది ఆడచేపే అయివుండాలి. లోకం చప్పట్లు కొట్టింది.

చిత్రమేమంటే, ఆ ఏడాది వసంతంలోనే చెసాపీక్‌లో కాసిని పిల్లలు బతికి బట్టకట్టాయి. ఆశ అంతా వాటిమీదే. 1984లో అమెరికా పార్లమెంటు, బాస్‌ను కాపాడని రాష్ట్రంలో కేంద్రమే వేట మూయించేలా చట్టం చేసింది. 1985లో తీర రాష్ట్రాలన్నీ కలిసి ఒక నియమం పెట్టుకున్నాయి: 1982లోనూ ఆ తర్వాతా పుట్టిన ఆడచేపల్లో నూటికి తొంభై అయిదు కనీసం ఒక్క కాన్పు చూసేదాకా వాటి జోలికి పోకూడదు. మేరీలాండ్, డెలావేర్ ఆ ఏడే బాస్ వేట పూర్తిగా ఆపేశాయి. వేటే జీవనమైన ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమయ్యింది. అయినా అయిదేళ్లు ఓర్చుకున్నారు. 1990లో మితంగా వేట మళ్లీ మొదలైంది. 1995కల్లా జాతి కోలుకుందని ప్రకటించారు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 2019 నాటి లెక్కల్లో సంఖ్య మళ్లీ పడిపోయిందని తేలింది. 2023లో, సముద్రతీరంలో గాలానికి పడినవాటిలో 28 అంగుళాలకీ 31 అంగుళాలకీ మధ్యనున్నవే ఇంటికి తీసుకెళ్లాలన్నారు. అంతకు మించినదాన్ని, అంటే తల్లిని, ఎంత కష్టపడి పట్టినా ఆ చీకట్లోనే నీళ్లలోకి వదిలేయాలి.

పురిటికొచ్చిన పిల్లని ఎలా చూసుకోవాలో మనకెవరూ చట్టం చేసి చెప్పలేదు. చేప విషయంలో మాత్రం చెప్పాల్సి వచ్చింది.