దుడ్డు: ఒక మాట పూర్వోత్తరములు

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ధనమునకు 'దుడ్డు' అని పేరు. ఇతర జిల్లాలవారు డబ్బులు అడుగుచోట ఇచ్చటివారు దుడ్లు అడుగుదురు. ఇది పల్లెమాట యని చిన్నచూపు చూచువారు లేకపోలేదు. కాని దీని జాడ పట్టి నడచినచో మనము పులికాట్ రేవు మీదుగా ఉత్తర ఐరోపా దాక పోవలసివచ్చును.

తమిళమున దీనికి జోడు 'తుట్టు'. అది మొదట ఒక చిన్న రాగినాణెము పేరు. మద్రాసు విశ్వవిద్యాలయపు తమిళ నిఘంటువు ఈ తుట్టునకు డచ్చిభాషలోని 'డయిట్' అను పదమును మూలముగా చూపినది. డయిట్ హాలండులో మిక్కిలి చిల్లర నాణెము. 8 డయిట్లు ఒక స్టైవరు; 160 డయిట్లు ఒక గిల్డరు.

ఈ పదమునకు జర్మానిక్ భాషలలో బంధువర్గము పెద్దది. ప్రాచీన నార్స్ భాషలో 'థ్వైత్' అనగా కోసిన తునక. ప్రాచీన ఆంగ్లమున 'థ్వీతన్' అనగా కోయుట. నేడు కర్రను చెక్కుటకు ఆంగ్లేయులు వాడు 'విటిల్' దాని సంతతియే. అడవి నరికి చదునుచేసిన నేల యను అర్థమున అదే ధాతువు ఉత్తర ఇంగ్లండు గ్రామనామముల చివర 'థ్వైట్' అయి నిలిచినది. జర్మనులకు 'డాయిట్' అనగా ఏమాత్రమును లేదనుటకు వాడు మాట. షేక్‌స్పియరు 'టెంపెస్ట్' నాటకమునను ఈ నాణెము 'డాయిట్' అను పేర కనబడును.

ఇక పులికాట్ సంగతి. అరవీటి వేంకటపతిరాయల అనుమతితో 1610లో డచ్చివారు అచ్చట వర్తకమునకు దిగిరి. 1613లో గెల్డ్రియా కోట కట్టిరి. 1690లో నాగపట్టణమునకు మారువరకు చోళమండల తీరమున వారి ముఖ్యస్థానమదియే. అచ్చటి టంకశాలలో నాణెములు ముద్రించిరి. 1726 నుండి కంపెనీ ముద్రగల డయిట్లు హాలండునుండియే ఆసియాకు వచ్చినవి.

ధ్వనిసామ్య మొక్కటియే సాక్ష్యము కాదు. 'దుడ్డుకర్ర'లోని దుడ్డు వేరు. అది మన సొంతము. కాని డచ్చివారి ఓడలు తిరిగిన చోట్లనెల్ల ఈ పదమే వినబడుట గమనింపదగినది. సింహళమున చిల్లర కాసునకు 'తుట్టు' అందురు. ఇండోనేషియాలో నేటికిని ధనమునకు 'దుయిట్' అనియే వాడుక. తుట్టునకు నిఘంటువు సాక్ష్యమున్నది. మన దుడ్డు, కన్నడిగుల దుడ్డు, దానికి పొరుగున నున్నవి.

అర్థము మారిన తీరును చూడుడు. హాలండులో విలువలేమికి గుర్తైనది ఇచ్చట సంపదకే పేరైనది. బీదవాని చేతికి అందునది ఆ చిల్లరయే. వానికి అదియే ధనము.

ఈ వర్తకమున నూలుబట్టలు మాత్రమే కాదు, మనుష్యులును సరకైరి. పదునేడవ శతాబ్దిని కరవు వచ్చినపుడెల్ల ఈ తీరమున ఆకలిగొన్న వారిని వేలకొలదిగా కొని బతావియా మున్నగు రేవులకు బానిసలుగా పంపిరి. నాణెము పేరు మన నాలుకపై మిగిలినది. అమ్ముడుపోయిన వారిలో ఎక్కువమంది పేర్లు ఏ ఊరికిని గుర్తులేవు.

కావున మాండలిక పదములను మోటువని తోసివేయరాదు. శాసనములకు ఎక్కని చరిత్ర కొంత వానియందే దాగియున్నది. పెద్దల నోట నున్నపుడే వానిని వ్రాసి యుంచుట మన విధి.