రహదారి హోరుకు దూరంగా బారువ తీరం

చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిపై రేయింబవళ్లు వాహనాల రద్దీయే. శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలో ఆ రహదారిని వీడి తూర్పునకు కొద్ది కిలోమీటర్లు సాగితే చాలు, కొబ్బరి తోటల నడుమ ప్రశాంతమైన బారువ తీరం దర్శనమిస్తుంది. ఒడిశాలోని మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ నది ఇక్కడే బంగాళాఖాతంలో సంగమిస్తుంది.

ఘన చరిత్ర: బ్రిటిష్ పాలనలో ఈ ప్రాంతం గంజాం జిల్లాలో అంతర్భాగం. అప్పట్లో బారువ రేవు నుంచి ఓడల ద్వారా సరకుల రవాణా జరిగేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలిన ఈ ప్రాంతం, 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చేరింది. రేవు వైభవం గతించినా దీపస్తంభం, కోటిలింగేశ్వరస్వామి ఆలయం సందర్శకులను ఆకర్షిస్తున్నాయి.

తుపాను గాయం: ఉద్దానం రైతుకు కొబ్బరి, జీడి తోటలే ఆధారం. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను వీటిని నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపునకు రావాలంటే ఏళ్లు పడుతుంది. కనుక ఒక్క రాత్రి నష్టం ఆ కుటుంబాలను ఏళ్ల తరబడి వెంటాడింది.

తాబేళ్ల పుట్టినిల్లు: శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు చేరి, ఇసుకలో గుంత తవ్వి వందకు పైగా గుడ్లు పెడతాయి. సుమారు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. నీటిపై మెరిసే వెలుగే వాటికి దారి చూపుతుంది. ఒడ్డున విద్యుద్దీపాలు వెలిగితే అవి కడలిని వీడి వెనుదిరిగి ప్రాణాలు కోల్పోతాయి. పెద్ద తాబేళ్లకూ ముప్పు తప్పడం లేదు. గాలి పీల్చేందుకు పైకి రావలసిన ఈ జీవులు మరపడవల వలల్లో చిక్కి మరణిస్తున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటికి హాని తలపెట్టడం, గుడ్లు సేకరించడం నేరం.

జాగ్రత్తలు: నదీ సంగమం వద్ద స్నానం ప్రమాదకరం. ఎగువ కొండల్లో వాన కురిస్తే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా వరద రావచ్చు. నదీ ప్రవాహం, అలలు కలిసేచోట ఈతగాళ్లకూ పట్టు చిక్కదు. లోతు తెలియని చోట దిగరాదు. స్థానిక మత్స్యకారుల సలహా పాటించడం మేలు. ప్లాస్టిక్ వ్యర్థాలను ఒడ్డున విడవరాదు.

ఎలా చేరుకోవాలి: హౌరా-చెన్నై రైలు మార్గంలోని సోంపేట స్టేషన్‌లో దిగి రోడ్డు మార్గాన చేరుకోవచ్చు. సూర్యోదయ వేళ సందర్శనకు అనుకూలం.