మంటల్లోకి దారి చూపిన బ్రెయిడ్‌వుడ్

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మన దేశంలో అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తీ, పేలుడు సామగ్రీ ఉన్న ఓడ పేలి 66 మంది ఫైర్‌మెన్ ప్రాణాలర్పించారు. వారి జ్ఞాపకార్థమే ఈ వారం. అయితే ఈ పనిని ఒక వృత్తిగా తీర్చిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ పేరు మనలో చాలామంది విని ఉండరు. అందుకే ఈ సంచికలో ఆయనను తలచుకుంటున్నాము.

ఆయన 1800లో స్కాట్లండ్‌లోని ఎడింబరోలో జన్మించారు. తండ్రి ఇళ్లు కట్టించే వ్యాపారి. 1824లో ఆ నగర అగ్నిమాపక దళానికి అధిపతి అయ్యేనాటికి ఆయన వయసు 24 ఏళ్లే! దళం ఇంకా కుదురుకోక ముందే, నవంబరులో నగరం అంటుకుని పెద్ద పెద్ద భవనాలు బూడిదయ్యాయి. తలా ఒక ఆజ్ఞ ఇచ్చేవారే గాని, ఎవరి మాట వినాలో మంటలార్పేవాళ్లకు తెలియలేదు.

తరువాత ఆయన మనుషులను ఏరుకున్న తీరు చూడండి. వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, పైకప్పు పనివాళ్లు. ఏ దూలం ఎప్పుడు కూలుతుందో ఇల్లు కట్టేవాడికి తెలిసినట్టు మరొకరికి తెలియదు గదా! తెల్లవారుజామున చీకట్లోనే వాళ్లకు శిక్షణ. బయట నిలబడి నీళ్లు చల్లితే లాభం లేదు, లోపలికి పోయి మంట మూలాన్ని కొట్టాలి, ఒంటరిగా మాత్రం పోకూడదు, పొగలో నేలకు దగ్గరగా పాకాలి. ఇవీ ఆయన నేర్పిన పాఠాలు. 1830లో వీటిని పుస్తకంగా కూడా రాశారు.

1833లో లండను వెళ్లారు. అక్కడ దళాన్ని నడిపింది సర్కారు కాదు, ఇన్సూరెన్సు కంపెనీలు. వారి లెక్క ఆస్తి లెక్క. అయినా బ్రెయిడ్‌వుడ్ మనుషులు ఇన్సూరెన్సు లేని ఇంటికీ పరుగెత్తారు. 1834లో పార్లమెంటు భవనం కాలినప్పుడు పురాతనమైన వెస్ట్‌మినిస్టర్ హాలు దక్కింది.

గోదాములు మరీ పెద్దవిగా కడితే, అంటుకున్నాక ఆపడం ఎవరి తరమూ కాదని ఆయన ముందే హెచ్చరించారు. వినలేదు. 1861 జూన్ 22న టూలీ వీధి రేవు గోదాముల్లో నిప్పు పుట్టింది. మంటను ఆపవలసిన ఇనుప తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల జనపనార, పత్తి, కొవ్వు. అలసిన తన మనుషులను చూసుకుంటూ తిరుగుతున్న బ్రెయిడ్‌వుడ్ మీద గోడ కూలింది. శవాన్ని తీయడానికే రెండు రోజులు పట్టింది. మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు. అంత్యయాత్ర మైలున్నర పొడవు సాగిందట.

నష్టానికి బెదిరిన కంపెనీలు ఈ భారం మావల్ల కాదన్నాయి. 1865లో చట్టం వచ్చింది. 1866 నుంచి లండనులో మంటలార్పే బాధ్యత ప్రజల సొమ్ముతో నడిచే దళానికి చేరింది.